పడవ రంగు కిటికీలు

ఈ వసంతంలో కూడా కిటికీ తలుపులకు రంగు వేయడానికి నిచ్చెన ఎక్కాను. కింద నిచ్చెన పట్టుకున్న మా ఆవిడ, "కింది అంచు మర్చిపోకు" అంది. ముప్పై ఏళ్లుగా ఇదే మాట. దాని వెనకున్న కథ చెప్పకపోతే నాకు తోచదు.

అప్పుడు నాకు ఇరవై ఆరు. గ్రువా దీవిలో మా నాన్న వడ్రంగి షెడ్డు నా చేతికొచ్చి ఏడాది. ఒక వాన మధ్యాహ్నం ఎనోరా చంకలో కేటలాగుతో వచ్చింది. పిల్లల బళ్లో టీచరు, చేపల పడవ కెప్టెన్ మేరియాదెక్ కూతురు. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. నేను చూస్తూ ఉండిపోయాను.

"నన్ను చూసింది చాలు, ఇది చూడండి" అని కేటలాగు తెరిచింది. "మా ఇంటి కిటికీలకు బయట ఇలాంటి తలుపులు కావాలి."

సన్న పలకలు, మధ్యలో సందులు.

"ఇవి పట్నంలో మేడలకు బాగుంటాయండీ. మీది జాలరి ఇల్లు, చిన్న కిటికీలు. పైగా పడమటి గాలికి ఈ సందులు రాత్రంతా ఈల వేస్తాయి."

"వేస్తే మీకేం?"

"మీకు నిద్ర పట్టదని."

"నా నిద్ర సంగతి మీకెందుకండీ?"

నాకు చెవులు వేడెక్కాయి.

వారం వాదించి చివరికి నిండు చెక్క తలుపులకు ఒప్పుకుంది. ఆ తర్వాత రోజూ కొలతలు చూసే వంకతో వచ్చేది. చెక్క రోజురోజుకూ పెరగదని ఇద్దరికీ తెలుసు.

రంగు దగ్గర వచ్చింది తంటా.

"బూడిద రంగు వేయండి" అంది.

"మీ పడవ ఆకుపచ్చ కదా?"

మా దీవిలో కిటికీ రంగు ఎవరూ ఎంచుకోరు. పడవకు వేయగా డబ్బాలో మిగిలిందే కిటికీలకు. రంగు చూసి ఏ కెప్టెన్ ఇల్లో చెప్పేస్తాం.

ఆమె మొహం చిన్నబోయింది. "పడవెక్కడుంది? పాతబడిందని పోయిన శీతాకాలం ముక్కలు చేసేశారు. ఆ రంగు చూడలేక నాన్న పాత తలుపులు పీకి పొయ్యిలో పెట్టాడు. బూడిదే వేస్తానని మాటివ్వండి."

ఇచ్చాను. తప్పాను కూడా. ఎప్పుడో పడవ మరమ్మతుకని కెప్టెన్ మా నాన్న దగ్గర వదిలిన ఆకుపచ్చ డబ్బా షెడ్డులో సగం ఉంది. చూసి మురిసిపోతారనుకున్నాను. అతి తెలివి అంటే ఇదే.

ఆదివారం వాళ్లు చర్చికి వెళ్లినప్పుడు నాలుగు కిటికీలకూ తలుపులు బిగించాను. కెప్టెన్ వచ్చాడు, చూశాడు. లోపలికి వెళ్లి పట్టపగలు అన్నీ మూసేశాడు.

ఎనోరా గుమ్మంలోనే ఆగింది. "నేను నాన్న కోసం అడిగాను. మీరు మీ గొప్ప కోసం వేశారు. ఇక మా గుమ్మం తొక్కకండి."

వీధిలోనే నిలబడిపోయాను.

పగలు కిటికీలు మూశారంటే మా ఊళ్లో అర్థం ఒకటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని. గంటలోపే లోయిజా పిన్ని నల్ల శాలువా కప్పుకుని, వెన్న కేకుతో వచ్చేసింది. వెనక ఇంకో ఆరుగురు.

"కెప్టెనేనా నాయనా? పొద్దున చర్చిలో బాగానే దగ్గాడే" అంది.

"కాదు పిన్నీ, ఎవరూ..."

"మంచివాడు. కాస్త నోటి దురుసు" అన్నారొకరు.

"పేకాటలో ముక్కలు దాచేవాడులే పాపం" అన్నాడు పాత సరంగు.

కింది కిటికీ ధడాలున తెరుచుకుంది. "ఎవడ్రా ముక్కలు దాచింది?"

కేకు పిన్ని చేతిలోంచి జారబోయింది, నేను పట్టుకున్నాను. ఆమె చూపు కెప్టెన్ మీద లేదు. తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

"మీ పడవ రంగే. ఈ ఆకుపచ్చ రేవులో కనబడ్డాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని, అందులో పనిచేసే మా ఆయన క్షేమంగా వచ్చాడని. చూసి ఏడాదైంది అన్నా."

కెప్టెన్ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత తలుపు అడుగున వేలు పెట్టి రాసి చూశాడు.

"కింది అంచుకు రంగేదిరా? నీళ్లు ముందు దిగేది అక్కడే. నా పడవ మీదైతే నిన్ను సముద్రంలోకి తోసేవాణ్ణి."

"రేపొచ్చి వేస్తానండి. కానీ... గుమ్మం తొక్కొద్దన్నారు."

కెప్టెన్ లోపలికి తిరిగాడు. "ఏమ్మా, ఎలా మరి?"

పై కిటికీ తెరుచుకుంది. ఎనోరా కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిచ్చెన వేసుకోమను నాన్నా. కింద నేను పట్టుకుంటాను."

మర్నాడు నిచ్చెన మీంచే చెప్పాను. "మాట తప్పడం తప్పే. తలుపులు బిగిస్తే మీరిక షెడ్డుకు రారని దిగులు పడ్డాను. మీరంటే ఇష్టం."

"ఇంకోసారి మాట తప్పితే నిచ్చెన వదిలేస్తాను."

"అంటే ఇంకోసారి రావచ్చా అండీ?"

"ముందు ఆ 'అండీ' మానెయ్" అంది.

కెప్టెన్ పోయి పదేళ్లు. ఆ రోజు ఈ ఆకుపచ్చ తలుపులు పగలే మూసింది మేమిద్దరమే.

ఇప్పుడు నిచ్చెన దిగాను. ఎనోరా తల పైకెత్తి చూసింది. "కింది అంచు వేశావా?"

"లేదు."

"ఏం?"

"వేసేస్తే రేపు నిచ్చెన పట్టుకోవడానికి రావుగా."