ధర తగ్గదని చెప్పిన మనిషి

1996 ఫిబ్రవరి 17, శనివారం. ఆ పొద్దున మసనోబు ఇంట్లో వేడి అన్నం, ఆల్చిప్పల చారు, కాల్చిన ఎండు చేపలు. చేపలు చోషీ రేవు నుంచి అతని భార్య ఫుమియే అక్క హత్సుయే పంపినవి. ఎవరూ కడుపు నిండా తినలేదు.

ఫుమియే పత్రికను భర్త గిన్నె పక్కన పరిచింది. అతను పనిచేసే కంపెనీ తమ వీడియో గేమ్ పెట్టె ‘మినామో’ ధరను ఆ రోజు నుంచి సగానికి తగ్గించేసింది. పోటీ కంపెనీ పెట్టె ముందు అది నిలవలేకపోయిందట.

“ఇది మీకెప్పుడు తెలిసింది?”

మసనోబు పద్దెనిమిదేళ్ళుగా అమ్మకాల విభాగంలో ఉన్నాడు. “డిసెంబరు చివర్లో,” అన్నాడు.

“మనం కొత్త సంవత్సరానికి అక్క ఇంటికి వెళ్ళింది ఆ తర్వాతేగా?”

అతను తల ఊపాడు.

“అక్క వండింది తిని, ఆవిడ పక్కనే కూచుని, ‘వదినా, ఇప్పుడే కొనెయ్, దీని ధర ఇక తగ్గదు’ అన్నారు. ఆవిడొక్కతే కొని ఊరుకుందా? మీ మాట నమ్మి వీధిలో ఇంకో మూడిళ్ళ చేత కొనిపించింది!”

“బయట చెప్పనని సంతకం చేశాను ఫుమియే. చెబితే ఉద్యోగం పోతుంది.”

“చెప్పమన్నానా? నోరు మూసుకుని ఉండాల్సింది! కొనమని ఎవరు చెప్పమన్నారు?”

ఉద్యోగులంతా బంధువులకి అమ్మి తీరాలని పైనుంచి ఆజ్ఞ. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి అతనికే సిగ్గేసింది.

“అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. ఇక ఆ గడప తొక్కే ముఖం నాకుందా? ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కి రండి. మీ నోటితో మీరే అక్కకి చెప్పుకోండి.”

సాయంత్రం రైల్లో రెండు గంటలూ ఆమె మాట్లాడలేదు. వాలుతున్న ఎండ అతని కళ్ళలో పడితే మాత్రం, అటు చూడకుండానే చెయ్యి చాచి కిటికీ తెర దించింది.

హత్సుయే ఎండు చేపల కొట్టు తలుపు ధడాలున తెరిచింది. లోపల చాప మీద మసనోబు పెట్టిన మిఠాయి పెట్టెను రెండు చేతులతో వెనక్కి తోసేసింది.

“మిఠాయి తినడానికి నాకు పళ్ళున్నాయి గానీ వీధిలో తిరగడానికి ముఖం లేదు. పక్కింటావిడ ఏమందో తెలుసా? ‘మీ మరిది నీకెంత ముట్టజెప్పాడమ్మా?’ అంది. నలుగురి ముందు!”

మూలన ఆమె భర్త ఉమెకిచి టీవీ ముందు కూచుని మినామోలో కారు నడుపుతున్నాడు. పడవలు నడిపిన మనిషి. “అయితే తమ్ముడూ, ఆటలు కూడా చవకవుతాయా?” అన్నాడు ఆశగా.

“మీరు ఆ కారేదో చూసుకోండి!” అరిచింది హత్సుయే. ఆ అరుపుకి కారు గోడకి గుద్దుకుంది. ఆమె మరిది వైపు తిరిగింది. “చెప్పు. ఇలా అవుతుందని నీకు తెలుసా, తెలీదా?”

మసనోబు మిఠాయి పెట్టెను పక్కకి జరిపాడు.

“ఈయనకి తెలీదక్కా!” అంది ఫుమియే ఒక్కసారిగా. “పొద్దున పత్రికలో చూసి ఈయనా అన్నం మానేశారు.”

మసనోబు భార్య వంక చూశాడు. పొద్దుటి నుంచి తనను నిలువునా కాల్చిన మనిషి, ఇప్పుడు తనకు అడ్డంగా నిలబడింది. ఊరుకుంటే గండం గడిచిపోతుంది.

అతను నుదురు చాపకి ఆనించాడు.

“లేదు వదినా. నాకు తెలుసు. తెలిసే కొనమన్నాను.”

“తెలిసే!” అంది హత్సుయే. “ఇంటల్లుడిలా చూసుకున్నాను కదరా నిన్ను! రేపు పొద్దున నాతో మూడిళ్ళకీ వస్తావు. ఇదే మాట వాళ్ళకీ చెబుతావు.”

“చెబుతాను.”

“ఉద్యోగం పోతుందేమో?”

“పోనీ వదినా.”

ఫుమియే నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. హత్సుయే ఆ వంగిన తల వైపు, నడినెత్తిన నెరిసిన జుట్టు వైపు చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు ఒకదానికొకటి గట్టిగా తగిలిన చప్పుడు. తిరిగొచ్చి అతని ముందు టీ కప్పు పెట్టిన తీరుకి సగం ఒలికిపోయింది.

“మూడిళ్ళలోనూ వంగి తప్పయిపోయిందను. తేడా డబ్బు నీ జేబులోంచి ఇవ్వు. తిడితే పడు. తెలిసి చేశానన్న ముక్క మాత్రం ఈ గది దాటకూడదు. నీ ఉద్యోగం పోతే పస్తుండేది నా చెల్లెలు.” చెల్లెలి వైపు తిరిగింది. “నువ్వు! నాతోనే అబద్ధమా? నీకు జడలేసిన చేతులివి!”

ఫుమియే ఆ చేతుల్ని పట్టుకుని భోరుమంది. హత్సుయే విడిపించుకోలేదు.

“కోపం తగ్గిందనుకోకండి,” అంది పక్కలు పరుస్తూ. “తగ్గలేదు.”

రాత్రి హత్సుయే ఆఖరిసారి వచ్చి చూసేసరికి, మసనోబు చొక్కాతోనే నిద్రపోతున్నాడు. ఫుమియే చెయ్యి అతని దుప్పటి అంచు మీద ఉంది. ఆ గది జారుడు తలుపు ఎప్పుడూ కిర్రుమంటుంది. హత్సుయే దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.