నాలుగో రాయి

ఆ ఉదయం ఆకాశం కదలడం మానేసింది. రాగిరంగు మబ్బు జాంబెజీ నది మీద మూకుడులా బోర్లించి ఉంది. గాలి లేదు, వాన లేదు. ఎక్కడో పొడి ఉరుము... ఆగి... మళ్లీ... అమావాస్య!

ఎల్లేశం గుడారం ముందు కూర్చుని చూస్తున్నాడు. పేరుకే గుడారం, లోపల ఏసీ, పాలరాతి తొట్టి. హైటెక్ సిటీలో కూతురు పింకీ పనిచేసే కంపెనీ యజమాని గిరీష్, పిల్ల బాగా పనిచేసిందని తల్లిదండ్రులతో సహా ఆఫ్రికాకు తీసుకొచ్చాడు.

వచ్చిన రోజే ఎల్లేశం ఏటి ఒడ్డున మూడు రాళ్లు నిలబెట్టి, నీళ్లు పోసి, బెల్లంముక్క పెట్టాడు. మణికొండ పక్కన వాళ్ల ఊరు అద్దాల మేడల కిందికి పోయినా, ఊరి నడిబొడ్డున పాతిన బొడ్రాయికి నీళ్లు పోసే వంతు ఇప్పటికీ ఆ ఇంటిదే. కొత్త నేల తొక్కితే ఆ నేలకు చెప్పుకోవాలి.

"పరాయోళ్లం తల్లీ. మూడొద్దులు ఉండి పోతం. పిల్లను జర చూడు."

"ఇక్కడా బొడ్రాయేనా ఎల్లేశం గారూ? దానికి వీసా ఉందా?" అని గిరీష్ ఖంగుఖంగున దగ్గుతూ నవ్వాడు.

క్యాంపు కావలి ముసలాయన మాత్రం నవ్వలేదు. మర్నాడు చూస్తే మూడు రాళ్ల పక్కన నాలుగోది ఉంది.

మిట్టమధ్యాహ్నం... పక్షులు ఒక్కసారిగా మూగబోయాయి.

"పండుకున్న పిల్ల మంచంల లేదయ్యా..." లోపలినుంచి భార్య కనకలక్ష్మి గొంతు.

ఎల్లేశం ఏటికి పరుగెత్తాడు. భోజనశాల ముందు అలంకారానికి పెట్టిన నీటిగుర్రం కపాలం ఇప్పుడు ఒడ్డున, భస్మవలయం నడుమ ఉంది. కోరలకు కుంకుమ. కోరల మధ్య, దువ్వెనలోంచి తీసిన పింకీ వెంట్రుకల చుట్ట. ఎదుట నల్లపంచె కట్టిన గిరీష్ బీజాక్షరాలు ఉచ్చరిస్తున్నాడు. పింకీ కురులు విరబోసుకుని, కనుగుడ్లు తెల్లబారి, అడుగు తర్వాత అడుగుగా నీళ్లలోకి దిగుతోంది. ఆమె నోటినుంచి వస్తున్న దగ్గు ఆమెది కాదు... గిరీష్‌ది!

ఎల్లేశం కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. నాలుక లేవలేదు. భయం కూడా రాలేదు. ఎవరి కూతురో మునుగుతున్నట్టు చూస్తున్నాడు.

"కదలలేరు లెండి," అన్నాడు గిరీష్ తీరిగ్గా. "డాక్టర్లు నాకు ఆరు నెలలన్నారు. మీ అమ్మాయికి అరవై ఏళ్ల ఆయుష్షుంది. అక్కడైతే మీ ఊరి దేవత మైసమ్మ అడ్డొస్తుంది. సముద్రం దాటి రాదు కదా. అందుకే ఇంత దూరం తెచ్చాను."

నీళ్లు పింకీ మెడదాకా వచ్చాయి.

ఎల్లేశం చూపు కపాలం మీద ఆగింది. ఈ నేల బిడ్డ ఎముక. ఇతను అడగకుండా తీసుకున్నాడు...

గొంతు పెగిలింది. "ఎముక నీది తల్లీ. పిల్ల నాది."

నది నడుమ నీరు ఉబ్బింది... రాత్రి మేతకే గట్టెక్కే నీటిగుర్రం పట్టపగలు గట్టెక్కింది! కొండలాంటి నల్లని దేహం, గుహలా తెరుచుకున్న నోరు... పింకీని తాకకుండా పక్కనుంచి సాగి, భస్మవలయాన్ని తొక్కేసింది. గిరీష్ అరుపు సగంలో తెగింది. అతనూ కపాలమూ కలిసే నీళ్లలోకి పోయాయి. నది కాసేపు ఎర్రబడి, తేరుకుంది.

నేల కాళ్లను వదిలింది. ఎల్లేశం దిగి కూతుర్ని ఒడ్డుకు మోసుకొచ్చాడు. ఆమె నల్లటి నీళ్లు కక్కుకుంది.

సాయంత్రం, వంటవాళ్లిచ్చిన తెల్లన్నంలో కనకలక్ష్మి ఇంటినుంచి తెచ్చిన మామిడి తొక్కు కలిపింది. మొదటి ముద్ద ఎల్లేశం నాలుగు రాళ్ల ముందు పెట్టి వచ్చాడు. కావలి ముసలాయన టోపీ తీసి వాళ్ల పక్కనే నేలమీద కూర్చున్నాడు. కారానికి ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

మూడో ముద్దకు పింకీ దగ్గింది.

అందరి చేతులూ పళ్లాల మీద ఆగిపోయాయి.

ఆమె నీళ్లు తాగింది. మళ్లీ ముద్ద కలుపుకుంది. చేతులు కదిలాయి.