ఒకటి విడిచి ఒకటి

పొద్దున్నే ముందుగదిలో అత్త మిషను మొదలైంది. హోటలు పనివాళ్ల కోట్లు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఏడో నెల కడుపుతో ఉన్న కోడలు గోడకు దిండు పెట్టుకుని చేత్తో కాజాలు కుడుతోంది. ఒక్కో కాజాకు ఆమెకు అయిదు నిమిషాలు పడుతుంది.

నిద్ర లేచినప్పటి నుంచీ కడుపులో నొప్పిగా ఉంది. కోడలు పైకి అనలేదు. మూడో నెలలో కడుపు నొప్పంటే అత్త గ్యాస్ అంది. అయిదో నెలలో లేచినప్పుడల్లా పక్కలో పట్టేస్తోందన్నా గ్యాసే అంది. గర్భసంచి సాగుతుంటే అలాగే ఉంటుందని డాక్టరమ్మ కూడా చెప్పడంతో, మొగుడు పెళ్లానికి ‘గ్యాస్ కంపెనీ’ అని పేరు పెట్టాడు. మళ్లీ నోరు విప్పి నవ్వులపాలు కావడం ఆమెకిష్టం లేదు.

పది గంటలకు మిషను ఆగింది. అత్త కుట్టిన కోటొకటి తీసుకుని కాజాల మీద బొటనవేలు పోనిచ్చింది. ఇంకో రెండు కోట్లు లాగి చూసింది.

"ఒకటి విడిచి ఒకటి దారం బిగుసుకుపోయిందేమే?"

"దారం మంచిది కాదేమో అత్తయ్యా."

"దారం మీదికి తొయ్యకు. నొప్పి ఆగి ఆగి వస్తోందా?"

కోడలు తలూపింది. పొట్ట రాయిలా బిగిసి, నడుములోకి దిగి, వదిలేస్తోందని చెప్పింది. పొద్దుటి నుంచీ నోరు విప్పితే ముత్యాలు రాలిపోయేవా అని అత్త గదమాయించింది.

"చెబితే మీరేమంటారో తెలుసుగా."

అత్త కోట్లు అలాగే వదిలేసి ఆసుపత్రికి బండి పిలిచింది.

పది నిమిషాలకోసారి లెక్క తప్పకుండా వచ్చేవి సాగుడు నొప్పులు కావని, సాయంత్రందాకా ఆగుంటే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మందులు పడ్డాక మధ్యాహ్నానికి నొప్పులు ఎడం పెరిగి, ఆగిపోయాయి.

అప్పటిదాకా నిలబడే ఉన్న అత్త మంచం అంచున కూర్చుంది.

"నీ మొగుడికి ముందు నాకొక కడుపు పోయింది. ఏడో నెలే. అజీర్తి అన్నారు, నేనూ నమ్మాను. నువ్వు నొప్పన్నప్పుడల్లా నా గుండె జారిపోయేది. గ్యాస్ అంటే గ్యాసే అయిపోతుందని నా పిచ్చి."

ఇన్నాళ్లూ తన మాట ఆవిడ చెవికెక్కలేదనుకుంది కోడలు. ఆ మాట ఎక్కడికి దిగిందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ వైపు కాలు చాపింది.

"ఎడమ కాలు తిమ్మిరెక్కింది అత్తయ్యా," అంది.

అత్త కళ్లు తుడుచుకుని, అదేమిటో ఎందుకో తేల్చెయ్యకుండా, ఆ కాలిని ఒళ్లోకి తీసుకుని రుద్దసాగింది.