సూదాకుల సోడా

"అమ్మాయ్, దిగు! ఆ కొమ్మ విరిగిందంటే నడుం విరుగుద్ది!"

వెనకనుంచి అరుపు వినబడగానే సుప్రియ ఉలిక్కిపడింది. స్కూటీ సీటు మీద నిలబడి కొమ్మ అందుకోబోతున్నదల్లా, చేతిలో ఆకుల సంచితో సహా ఇసకలో కూలబడింది.

మైపాడు బీచ్‌కి కాస్త ఇవతల, సముద్రపు గాలికి ఎప్పుడూ హోరుమనే తోపు అది. పరుగెత్తుకొచ్చినవాడికి పాతికేళ్లు దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతులనిండా నర్సరీ మట్టి.

"దెబ్బ తగిలిందా?"

"మీరు అరవకపోతే తగిలేది కాదు."

"మా తోపులోకొచ్చి నా మీదే ఎగురుతుండారే! ఆ సంచిలో ఏందండీ?"

"పైన్ ఆకులు. సోడా చేసుకోడానికి."

అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత పక్కనే ఉన్న చెట్టును పట్టుకుని మరీ నవ్వాడు. సుప్రియకు ఒళ్లు మండిపోయింది.

"ఏం, తెలీదా? వీడియో చూడండి. సూదుల్లాంటి ఆకులు, చెక్కర, నీళ్లు సీసాలో పోసి ఎండలో పెడితే దానంతటదే గ్యాస్ పుడుతుంది."

"అది పైన్‌తో మేడమ్. ఇది సరుగుడు." అతను ఒక సూదిని తెంపి మెల్లగా లాగాడు. అది రైలు పెట్టెల్లా ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. "చూడండి, ఇది ఆకు కూడా కాదు, రెమ్మ. ఈ కీళ్ల దగ్గర పొట్టు మాదిరి ఉండాయే, అవే ఆకులు."

"మరి కాయలు కూడా అట్నే ఉన్నాయి గదా!"

"కాయలు ఒకేలా ఉంటే చుట్టాలైపోతారా?" అన్నవాడు ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు. "ఇంతకుముందు చేసినారా? తాగినారా?"

"రెండు సీసాలు పెట్టినా. ఇంకా మూత తియ్యలేదు."

"పారబొయ్యండి. తాగితే ఏమవుద్దో నాకూ తెలీదు. తెలీనిది నోట్లో పోసుకోవద్దు."

సుప్రియ ముఖం వాడిపోయింది. ఆమె తండ్రి పద్మనాభయ్యది నెల్లూరులో ముప్పై ఏళ్లనాటి గోలీసోడా కొట్టు. పెద్ద కంపెనీల సీసాలు వచ్చాక బేరాలు పల్చబడ్డాయి. వచ్చే ఆదివారం మహిళల వస్తు ప్రదర్శనలో ఆమె పెట్టే కొత్త సోడాను జనం మెచ్చకపోతే కొట్టు మూసేద్దామని ఆయన తేల్చేశాడు. ఆమె అప్పుడే 'పైన్ సోడా' అని ఫ్లెక్సీ కూడా కొట్టించింది.

అంతా విన్న ఆ అబ్బాయి, పేరు పెంచలకృష్ణ, తల గోక్కున్నాడు.

"అసలైన పైన్ చెట్లు అరకు దగ్గరుంటాయి. నాతో అగ్రికల్చర్ చదివిన మాలకొండయ్య అక్కడే పనిచేస్తుండాడు. గురువారానికి మీకు ఆకులు అందుతాయి. పూచీ నాది."

తర్వాత రెండు రోజులూ ఇద్దరి మధ్యా ఫోన్లే ఫోన్లు. "ఏం మేడమ్, ఇవాళ ఏ చెట్టెక్కినారు?" అని అతను, "మీ రైలుపెట్టెల చెట్టు ఎట్లుంది?" అని ఆమె. బుధవారం పొద్దుటినుంచి అతని దగ్గరనుంచి ఫోన్ రాలేదు. గురువారం వచ్చింది. ఆకులు రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్.

సుప్రియ స్కూటీ వేసుకుని తోపు పక్కనున్న వాళ్లింటికే పోయింది. అతని తల్లి చెంచులక్ష్మి మంచినీళ్లిచ్చి, "వాడు స్నేహితుడి పెళ్లికి పొయినాడమ్మా, మంగళవారమే" అంది.

పెళ్లికి! తన పని గాలికొదిలేసి, పప్పన్నాలకు పోయాడన్నమాట. తిరిగొచ్చే దారంతా కళ్లలో నీళ్లు గాలికి ఆరుతూనే ఉన్నాయి. సోడా పోయినందుకా, అతని మాట నమ్మినందుకా అన్నది ఆమెకే తెలియలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా తెలియని నంబరునుంచి ఫోన్.

"మేడమ్, నేను పెంచలకృష్ణ. గూడూరు స్టేషన్లో ఉండా. నెల్లూరులో దిగాల్సింది, నిద్రపట్టేసింది."

"అక్కడే ఉండండి, కదలొద్దు!" అంది సుప్రియ. ఎదురుగా నిలబెట్టి తిడితేగానీ మనసు చల్లారేలా లేదు.

గూడూరు చేరేసరికి వాన దంచేస్తోంది. ప్లాట్‌ఫాం చివర, రేకులు కారుతున్నచోట, అతను గోనెసంచి పక్కన కూర్చుని ఉన్నాడు. రెయిన్‌కోటు సంచికి తొడిగి, తను ముద్దగా తడిశాడు. దారంతా పేర్చుకున్న తిట్లన్నీ ఆమె మరిచిపోయింది.

"పెళ్లి బాగా జరిగిందా?" అని మాత్రం అడిగింది.

"పెళ్లి లేదు, ఏం లేదండీ. మాలకొండయ్య సెలవు మీద ఊరికి పొయినాడు. నేనే అరకు పొయినా. చెట్టెక్కితే ఫోన్ జారి పగిలింది."

"ఇంకెవరినన్నా అడిగి పంపించమనొచ్చు గదా?"

"ఏ చెట్టుదో కోసి పంపిస్తే? ముందు రుచి చూసేది మీరు గదా."

సుప్రియ సంచి మూతి విప్పింది. గుత్తికి మూడేసి పొడవాటి పచ్చటి సూదులు. నిమ్మ తొక్కను గిల్లినట్టు, ఇంకా ఏదో కొండగాలి కలిసినట్టు వాసన.

"మరి మీ అమ్మకు అబద్ధమెందుకు?"

"నిజం చెప్తే ఎవరికోసంరా అంటది. అప్పటికి నాకే సరిగ్గా తెలీదు. చెట్టు మీద తెలిసింది."

వాన హోరులో వినబడనట్టు ఆమె ముఖం తిప్పుకుంది. "ముందు సోడా సంగతి చూడండి" అంది. కానీ తిరుగుదారిలో సంచి స్కూటీ ముందూ, అతను వెనకా కూర్చుంటే, గుంతల దగ్గర బండి మామూలుకంటే నిదానంగా నడిపింది.

పదింటికల్లా నెల్లూరులో ఎండ మామూలే. డాబా మీద ఇద్దరూ సూదాకుల్ని కడిగి, మొదళ్ల దగ్గరి గోధుమరంగు తొడిమలు కత్తిరించారు. సీసాల్లో కూరి, కాచి చల్లార్చిన చక్కెరనీళ్లు పోశారు. గూడూరులో కొన్న నిమ్మకాయల్ని చక్రాలుగా కోసి వేశారు. శనివారానికి ప్లాస్టిక్ సీసాలు రాళ్లలా గట్టిపడ్డాయి. మూత వదులు చేస్తే బుస్సుమన్నాయి. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేక పెట్టారు.

ఆదివారం ఉదయం పద్మనాభయ్య గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

"గ్యాస్ ఎవరు కొట్టినారు?"

"ఎండ కొట్టింది నాన్నా."

ఆయన ఇంకో గ్లాసు పోసుకున్నాడు. ప్రదర్శనలో మధ్యాహ్నానికే సీసాలన్నీ అయిపోయాయి. మళ్లీ ఎప్పుడని అడిగినవాళ్లు ఫోన్ నంబర్లు రాసిచ్చి మరీ వెళ్లారు. కొట్టు మూసే మాట పద్మనాభయ్య ఇంకెత్తలేదు.

సాయంత్రం బల్లలు సర్దుతుంటే ఆయన పెంచలకృష్ణ భుజం మీద చెయ్యేశాడు.

"మళ్లీ ఆకులకు అరకు పోవాల గదబ్బాయ్. ఈసారి ఇద్దరూ కలిసి పోండి. దానికంటే ముందు మీ అమ్మానాయనల్ని ఒకసారి మా ఇంటికి రమ్మని చెప్పు."

పెంచలకృష్ణ సుప్రియ వైపు చూశాడు. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"అత్తకు నువ్వే చెప్పు" అంది.