ఎవరు నొక్కినట్టు?

"దుప్పట్లు పొద్దుట్నుంచీ నానుతున్నాయి. తీసేదెవరు?" అత్తగారు మళ్ళీ అడిగింది.

"మెషీన్ ఉందిగా అమ్మా," అన్నాడు కొడుకు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అదొచ్చి ఎత్తుకుపోతుందా?"

కోడలి ఫోన్ మోగింది. బాల్కనీలోకి నడిచింది.

"కుట్టుమిషన్ బాగయిందా?"

"సూది మార్చాలి," అంది. రహస్య సంకేతం సరిపోయింది. అవతల గూఢచారి విభాగం చీఫ్.

"మన ఏజెంట్ గువ్వ కోసం విదేశీ ముఠా వెతుకుతోంది. దాక్కున్న చోటు మన చాట్ బాట్‌కి పంపాడు. మన ఆఫీసు గ్రూపులో 'చూపించు' బటన్ వచ్చింది, నొక్కితే చిరునామా కనిపిస్తుంది. మీటింగ్ అవగానే నొక్కుతాను."

"ఎవరు నొక్కినా చూపిస్తుంది సార్. నొక్కగానే బటన్ వెనకున్న డేటా బాట్‌కి వస్తుంది. నొక్కిందెవరో కూడా బాట్ వాడే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ చెబుతుంది. మన కోడ్ డేటా మాత్రమే చదువుతోంది, మనిషిని చూడట్లేదు. అప్పుడే చెప్పాను."

"గ్రూపులో అందరూ మనవాళ్ళే. కోడ్ ముట్టుకోకు. ఇది ఆర్డర్."

"ముట్టుకుంటాను సార్."

ఫోన్ పెట్టేసి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచింది. ఇంట్లోవాళ్ళ లెక్కలో ఆమె ఒక ఆఫీసు టైపిస్టు. చకచకా టైపు చేస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. నొక్కింది చీఫ్ కాకపోతే చిరునామా ఇవ్వొద్దని, నొక్కినవాళ్ళ పేరు లాగ్‌లో, అంటే బాట్ చిట్టాలో, రాయమని రెండు లైన్లు చేర్చి, బాట్‌ని రీస్టార్ట్ చేసింది.

బాట్ లేచిన మరుక్షణమే ఎవరో బటన్ నొక్కారు.

లాగ్‌లో పేరు పడింది: చిలక.

శత్రువుల విందుల్లో పట్టుచీరతో తిరిగి రహస్యాలు తెస్తుందని ఆఫీసంతా మెచ్చుకునే చిలక. చిలక స్క్రీన్ మీద ఇప్పుడు ఒకటే వాక్యం: 'ఈ బటన్ మీది కాదు.' చిలక మళ్ళీ నొక్కింది. మళ్ళీ. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా, ఎవరూ చూడట్లేదనుకుంది. నొక్కినప్పుడల్లా పేరు పడుతూనే ఉంది.

లాగ్ చీఫ్‌కి వెళ్ళింది. చాలాసేపటికి ఫోన్ వచ్చింది.

"చిలకని గేటు దగ్గరే పట్టుకున్నాం. నువ్వు మాత్రం ఆర్డర్ మీరావు."

"మీరాను. గువ్వని తేవడానికి ఎవర్ని పంపుతున్నారు?"

"చిలక ఎంచిన టీమ్... వద్దు, వాళ్ళనీ నమ్మలేం."



"చిరునామా నాకు పంపండి. నేను వెళ్తాను."

"నీది డెస్క్ ఉద్యోగం."

"దొంగ దొరికింది డెస్క్ దగ్గరే కదా సార్."

చిరునామా వచ్చింది. ఆమె లాప్‌టాప్ మూసి, హాల్లోకి వచ్చి నిలబడింది.

"సాయంత్రం బండికి ఊరెళ్తున్నాను. ఎన్ని రోజులో తెలీదు. ఎక్కడికని అడగొద్దు," అంది మెల్లగా.

భర్త పేపరు దించాడు. "టైపిస్టులకి క్యాంపులేమిటి?"

"ఇవాళ్టి నుంచి ఉంటాయండీ."