సముద్రంలోంచి వచ్చిన ట్రాక్టరు

నఫీసా నన్ను మొదటిసారి చూసిన చూపు, బజార్లో నిన్నటి చేపను చూసే చూపు.

డెబ్భై తొమ్మిది ఫిబ్రవరి. మంగినపూడి బీచిలో మూడు రోజుల స్కౌట్ క్యాంపు. మగపిల్లలకు నేను స్కౌటు మాస్టర్ని. బందరు నుంచి ఆడపిల్లల్ని తీసుకొచ్చిన సైన్సు టీచరు నఫీసా. అప్పటికే మా ఇద్దరికీ సంబంధం మాట్లాడుతున్నారు. "మనిషిని మూడు రోజులు చూసి చెప్తాను" అందట ఆవిడ. అంటే పరీక్ష పిల్లలకు కాదు, నాకు. ఫస్టు క్లాసులో పాసైపోతాననుకున్నాను. తాడుతో పంతొమ్మిది రకాల ముళ్ళు వేయగలను, దిక్సూచి చూడగలను. నా మొహానికి అంతకంటే ఏం కావాలి?

"ఖాజా మాస్టారూ, టెంట్లు ఇక్కడ వేయించకండి" అంది రాగానే. "ఇసక మీద ఆ గుర్తులు చూశారా?"

చూశాను. నీటి అంచు నుంచి మెరక దాకా వరసగా గాట్లు. జాలిగా నవ్వాను.

"టీచర్ గారూ, గుడ్లవల్లేరులో మా నాన్నకి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. టైరు గుర్తు చూసి బండి పేరు చెప్పేస్తాను. ఇది ట్రాక్టరే."

"సముద్రంలోంచి వచ్చిందా అండీ?"

నేను మేకుల సంచీ విప్పడంలో పడ్డాను.

"సముద్రంలో దమ్ము చేసి, గట్టెక్కి, మళ్ళీ సముద్రంలోకే దిగిపోయిందన్నమాట. బాగుంది. ఏ కంపెనీదో?"

నలభై మంది పిల్లలు పళ్ళికిలించారు. నాకు రోషం వచ్చింది. రోషమొస్తే ఎవరికైనా బుర్ర పనిచెయ్యదు. నాకైతే అది రాకపోయినా అంతే.

"కొట్టండ్రా మేకులు" అన్నాను.

మూడో మేకు మెత్తగా దిగింది. పైకి లాగితే చివర పచ్చసొన.

నఫీసా మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తప్పించింది. కింద నిమ్మకాయలంత తెల్లటి గుడ్లు, గుట్టగా.

"సముద్రపు తాబేలు" అంది. "ఇంత దూరం ఈడ్చుకుంటూ వచ్చి పెట్టింది, మీ మేకు కోసం."

పక్కన వల బాగుచేసుకుంటున్న నాంచారయ్య లేచి వచ్చాడు. "మా వలలో తాబేలు పడితే పసుపూ బొట్టూ పెట్టి వదిలేత్తాం బాబూ. చదువుకున్నోళ్ళు, మీరేమో మేకులు కొడతన్నారు."

మేకు పట్టుకున్న పిల్లవాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. 'చూసి కొట్టొద్దుట్రా' అని వాడి మీదకు తోసేస్తే సరిపోయేది. మేష్టర్లం రోజూ చేసే ఘనకార్యమే అది. నోటిదాకా వచ్చింది కూడా. నఫీసా నన్నే చూస్తోంది.

విజిలు వేసి అందర్నీ నిలబెట్టాను.

"తప్పు నాది. తెలీకుండానే తెలిసినట్టు చెప్పాను. టీచరు గారు వద్దన్నా వినలేదు. ఇప్పుడు నాంచారయ్య గారు పాఠం చెప్తారు. నేనూ మీతో కూర్చుని వింటాను."

సిగ్గుతో చచ్చిపోయాను, కానీ కూర్చున్నాను. గుడ్లు దొర్లించకూడదన్నాడు నాంచారయ్య. పగిలింది తీసేసి, అదే ఇసక కప్పమన్నాడు. కుక్కలు తవ్వకుండా, తుఫానుకు విరిగిపడిన సరుగుడు కొమ్మలతో పిల్లలు చుట్టూ కంచె కట్టారు. టెంట్లు దూరంగా సరుగుడు తోపులోకి మార్చాం. మిగిలిన రెండు రోజులూ మా క్యాంపు పని గుర్తులు వెతకడం, గూళ్ళకు కంచెలు కట్టడం. నేను కట్టిన కంచె చూసి, "కోడిపిల్ల తంతే పడిపోతుంది" అంది నఫీసా. విప్పి మళ్ళీ కట్టాను.

చివరి రోజు బస్సు దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"మీ నాన్నగారికి ఏం చెప్తారు?"

"ఉన్నదే. పొగరు. బుర్ర తక్కువ. చెబితే వినడు."

"ఇంకేమన్నా మిగిలిందా అండీ?"

"పిల్లవాడి మీద తోసెయ్యకుండా, అందరి ముందూ 'తప్పు నాది' అన్నాడని కూడా చెప్తాను. మా ఇంట్లో మగాళ్ళు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు."

"అంటే..."

"శుక్రవారం నమాజయ్యాక ఇంటికి రండి. ఈ నిక్కరుతో మాత్రం రాకండి."

బస్సెక్కబోతున్న ఆవిడకు చెప్పేశాను. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

కిటికీల్లోంచి ఆడపిల్లల తలకాయలన్నీ బయటికొచ్చాయి. నఫీసా మెట్టు మీద ఆగింది.

"ఇదన్నా తెలిసి చెప్తున్నారా?"

"తెలిసే చెప్తున్నానండీ" అన్నాను.