చండిక తొలిచూపు

అసురసంధ్య!

పడమట సూర్యబింబం నెత్తుటి ముద్దలా కుంగిపోయింది... నల్లమల కొండల మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి... ఉరుము! దాని వెంటే మరో ఉరుము!! ఆళ్ళగడ్డ ఊరి బయట శిల్పుల షెడ్ల వరసలో అన్నిటికంటే చివరిదాని రేకుల కప్పు మీద ఒక గుడ్లగూబ వాలి, కర్ణకఠోరంగా కూసింది. అమావాస్య ఘడియలు మొదలయ్యాయి. ఊరంతా లైట్లు వేసుకుంటున్న ఆ వేళ, ఆ షెడ్డులో మాత్రం ఒకే ఒక్క ఆముదపు దీపం వెలుగుతోంది.

ఆ దీపం వెనక నల్లరాతి చండికా విగ్రహం! నిలువెత్తు రూపం... ఎనిమిది చేతులు... దంష్ట్రాకరాళ వదనం! సర్వాంగాలూ పూర్తయ్యాయి గానీ కళ్ళు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. కనురెప్పల మధ్య నున్నటి రాయి ఉంది, అంతే.

విగ్రహం పక్కన, చేత మానవ కపాలం ధరించి, కపాల ప్రభాకర్!

పేరు విని జడుసుకోనక్కర్లేదు. మొన్నమొన్నటిదాకా కోయిలకుంట్ల బస్టాండులో చిలక పంజరం పట్టుకుని జాతకాలు చెప్పినవాడే. తరువాత ఏ శ్మశానంలో ఏ పాపిష్ఠి గురువు కాళ్ళు పిసికాడో... క్షుద్రవిద్య నిజంగానే వాడి చేతికి చిక్కింది! చిక్కిన విద్యను వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముకుంటూ స్వామి అయిపోయాడు.

విగ్రహానికి సూటిగా ఎదురుగా, కుంకుమతో వేసిన ముగ్గు నడుమ సుకన్య కూర్చుని ఉంది. విరబోసిన జుట్టు... తేలిపోయిన కళ్ళు... పళ్ళు పటపట కొరుకుతోంది! భర్త లారీ ప్రమాదంలో పోయాక కంటికి నిద్ర కరువై, ఎవరో చెబితే వీడి దగ్గరికి వచ్చింది. వాడు ఆమె మెడలో ఒక నల్లతాడు కట్టాడు. ఆనాటి నుంచీ ఆమె నోట్లోంచి వచ్చే గొంతు ఆమెది కాదు. ఎవరో ముసలి మగవాడి గొంతు! ఇంటికి తీసుకుపోతే తిరిగి వీడి దగ్గరికే పరుగెత్తుకొచ్చేది. తాడు తెంచబోతే ఊపిరి ఆగిపోయేది.

ఆమె వెనక, మెడలో కెమెరాతో నిలబడింది ఆమె చెల్లెలు వినీత. నంద్యాల గాంధీచౌక్ దగ్గర చిన్న స్టూడియో నడుపుకునే పిల్ల. అక్కను బలిచ్చే చోటికి చెల్లెలు ఫోటోలు తీయడానికి వచ్చిందా అని ముక్కున వేలేసుకోకండి. పోలీసులు, డాక్టర్లు, పెద్దమనుషులు... అన్ని తలుపులూ తట్టి, ఏదీ తెరుచుకోక, చివరికి శత్రువు తలుపే తట్టింది.

ఆ తలుపు తెరుచుకోవడానికి కారణం ప్రభాకర్ ఫోటోల పిచ్చి! చండికను వశం చేసుకునే ఘట్టం ఫోటోలో పడాలి... అది చూసి జిల్లా జిల్లా తన కాళ్ళ మీద పడాలి! కానీ ఆ పూజలో దీపం తప్ప మరో వెలుగు పనికిరాదు. ఫ్లాష్ వెలిగిందా, పూజ భగ్నం! పిలిచిన ఫోటోగ్రాఫర్లందరూ ఆ వెలుగులో ఏమీ పడదని చేతులెత్తేశారు. వినీత మాత్రం యాగంటి గుహలో ప్రమిద వెలుగుకు తీసిన ఫోటో ఒకటి వాడికి పంపింది.

ఆమె ఎవరో తెలిసి వాడు విరగబడి నవ్వాడు. "ఆయమ్మి చెల్లెలివా నువ్వు! మంచిదే... మీ అక్క ఆఖరి ఫోటో నువ్వే తీయి! కానీ అమ్మవారూ నేనూ ఇద్దరం పక్కపక్కన పడాల. ఇనపడిందా?"

"పడతారు స్వామీ," అంది వినీత.

ఆమె కెమెరాకు ఉన్నది వైడ్ యాంగిల్ ప్రైమ్ లెన్స్. పద్నాలుగు ఎం.ఎం., ఎఫ్ వన్ పాయింట్ ఎయిట్. కాస్త వెలుగుంటే చాలు, చీకట్లోంచి కూడా బొమ్మను పీల్చుకుంటుంది. ఎదురుగా ఉన్నదాన్నే కాక, ఇరుపక్కలా ఉన్నవాటిని కూడా ఫ్రేములోకి లాక్కొస్తుంది. దానికి జూమ్ లేదు. ముఖం పెద్దగా పడాలంటే కాళ్ళతో నడిచి దగ్గరికి పోవాల్సిందే. పెళ్ళిళ్ళలో ఫ్రేము అంచున నిలబడ్డ మేనమామల ముఖాలు గుమ్మడికాయల్లా సాగిపోయి, ఆమె తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఇక దాని ముందు గాజు... అది చదునుగా ఉండదు, కోడిగుడ్డులా బయటికి ఉబికి ఉంటుంది.

ఆ ఉబ్బెత్తు గాజు సంగతి ఆ రోజు మధ్యాహ్నమే తేలింది. విగ్రహం చెక్కిన శిల్పి పుల్లయ్యను ఆమె చాటుగా కలిసింది. చెక్కకపోతే చేతులు పడిపోతాయని ప్రభాకర్ బెదిరించిన నాటి నుంచీ ఆ ముసలాయనకు అన్నం సహించడం లేదు.

"కండ్లు తెరిచేటప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదమ్మా," అన్నాడు పుల్లయ్య. "అద్దం పెడతాం. ఆయమ్మ తొలిచూపు అంత తీక్షణం. అద్దంలో తన రూపం తానే చూసుకుని శాంతిస్తాది. మేము పక్కకు తప్పుకుంటాం, పక్కకు ఆ చూపు రాదు. ఈడేమో నా అద్దం పగలగొట్టినాడు. అద్దం ఉండాల్సిన చోట మీ అక్కను కూర్చోబెడతాండాడు. ఆమె ప్రాణం మింగితే అమ్మవారు ఈని చేతిలో బొమ్మ అయితాదంట!"

వినీత లెన్స్ మూత తీసి ఆయన ముందు పెట్టింది. "ఇందులో ఏం కనపడతాంది పెద్దాయనా?"

పుల్లయ్య వంగి చూశాడు. ఆ గాజులో చిన్నగా తన ముఖం... దాని చుట్టూ షెడ్డంతా! కుడిగోడ, ఎడమగోడ, పక్కన పడున్న రాళ్ళు, అన్నీ!

"ఇది అద్దం కాదు కదమ్మా... చూపు దీంట్లో నిలవకుంటే? నీ మీద పడితే?"

"పడనీ. మా అక్క మీద పడేదానికంటే మేలే కదా!"

ఇప్పుడు ఘడియ వచ్చేసింది!

"ఓం హ్రీం హుం ఫట్!" ప్రభాకర్ కపాలాన్ని పైకెత్తాడు. ఆకాశం బద్దలైనట్టు పిడుగు! సుకన్య దేహం విల్లులా వంగి, ఆమె గొంతులోంచి ఆ ముసలి మగగొంతు వికటంగా నవ్వింది. తలుపు దగ్గర గడ్డపార పట్టుకుని కాపలా ఉన్న శిష్యుడు ఓబులేసు సాష్టాంగపడ్డాడు. పుల్లయ్య ఉలిని విగ్రహం కంటికి ఆనించాడు. ఒక కంటి పాప గీత పూర్తయింది... రెండో కన్ను... ఇక మిగిలింది ఒక్కటే దెబ్బ!

వినీత ముందుకు నడిచింది. అక్కను దాటి, ముగ్గును తొక్కి, చండిక ముఖానికి జానెడు దూరంలో కెమెరా ఎత్తి పట్టింది.

"ఏయ్! యాడికి పోతాండావ్? అడ్డం లెయ్!" ప్రభాకర్ గర్జించాడు.

"మీరే కదా స్వామీ, ఇద్దరూ పక్కపక్కన పడాలన్నారు? ఇది దూరం నుంచి తీసేది కాదు."

"తల పగలగొడ్తా! జరుగు పక్కకు!"

"జరగను!"

జరగను!! ఆ మాట ఆ షెడ్డులో ఇంతవరకూ ఎవ్వరూ వాడి ముఖాన అనలేదు. కోయిలకుంట్ల నుంచి శ్రీశైలం దాకా ఎవ్వరూ అనలేదు. అందుకే కాబోలు, దానికి ఏ మంత్రం చదవాలో వాడికి తోచలేదు. ఎత్తిన కపాలం ఎత్తినట్టే ఉండిపోయింది. ఫ్రేము అంచున వాడి ముఖం పక్కకు సాగి, వంకరగా వేలాడుతూ కనిపించింది వినీతకు. ఆమె అడుగు వెనక్కి వేయలేదు.

పుల్లయ్య ఆ పిల్లను చూశాడు. ప్రభాకర్‌ను చూశాడు. "పోతే పోనీ ఈ చేతులు!" అంటూ సుత్తి దించాడు.

ఠంగ్!

చండిక కళ్ళు తెరుచుకున్నాయి!!

దీపం ఆరలేదు, కానీ దాని వెలుగు వెలవెలబోయింది. ఆ చూపు... కోటి మధ్యాహ్నాల ఎండ! లెన్స్ గాజు మీద పడింది. ఆ గాజులో జగన్మాత మొదట తన రూపాన్ని తాను చూసుకుంది. ఆ రూపం పక్కనే... తనను బానిసను చేసుకోవడానికి కపాలం ఎత్తి నిలబడిన ఒక పురుగును చూసింది!

"అమ్మా... వద్దు... నేను నీ బిడ్డను!" ప్రభాకర్ ఆక్రందించాడు. ఇప్పుడు గుర్తొచ్చింది బిడ్డననే సంగతి! పారిపోబోయాడు. పాదాలు కదల్లేదు, అవి అప్పటికే రాయి! రాయి మోకాళ్ళకెక్కింది... నడుముకెక్కింది... గొంతుకెక్కింది! ఫ్రేములో ఎలా సాగిందో వాడి ముఖం నిజంగానే అలా సాగి, పెళపెళమని పగిలింది. చేతిలోని కపాలం నుగ్గయింది. కళ్ళు మూసి తెరిచేలోపు అక్కడ మనిషి లేడు. రాతిపొడి కుప్ప మాత్రం ఉంది. ఆ షెడ్డులో రాతిపొడికి కొదవేముంది? ఏది వాడో ఏది కాదో రేపు ఊడ్చేవాళ్ళకు కూడా తెలియదు.

వినీత బటన్ మాత్రం నొక్కలేదు. వాడు కోరిన ఫోటో లోకంలో ఎక్కడా లేదు.

"మా స్వామిని ఏం చేసినావే?" ఓబులేసు గడ్డపార ఎత్తి మీదికొచ్చాడు.

వినీత గిరుక్కున తిరిగి లెన్స్ వాడి వైపు పెట్టింది. "రా అన్నా. దగ్గరికి రా. ఇందులో ఎవరైనా పడతారు."

అమ్మవారి చూపు అప్పటికే చల్లబడిందనీ, ఆ లెన్స్‌లో ఇక గాజు తప్ప ఏమీ లేదనీ వాడికి ఎవరు చెబుతారు? గడ్డపార కిందపడింది. వానలో పడి పరుగెత్తినవాడు మళ్ళీ వెనక్కి చూడలేదు.

సుకన్య మెడలోని నల్లతాడు దానంతటదే తెగి, ముగ్గులో పడి బూడిదైంది. ఆమె ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, పక్కకు ఒరిగిపోయింది. వినీత కెమెరా కింద పెట్టేసి అక్కను ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళు మూసే ఉన్నాయి. ఒళ్ళు చల్లగా ఉంది. పుల్లయ్య నీళ్ళు తెచ్చి ముఖాన చిలకరించాడు. వినీత పిలిచింది, కుదిపింది, మళ్ళీ పిలిచింది. అక్క పలకలేదు. అంతవరకూ రాని ఏడుపు వినీతకు అప్పుడొచ్చింది. అంతా చేసి ఆలస్యమైపోయిందా అనుకుంది.

చాలాసేపటికి సుకన్య పెదవులు కదిలాయి.

"ఏందే ఇది... జుట్టంతా దుమ్ము... ఇట్లాంటి చోటికి ఒక్కదానివే వస్తావా? బుద్ధుందా నీకు? అన్నమన్నా తిన్నావా లేదా?"

గొంతు బొంగురుగా ఉంది, నీరసంగా ఉంది. కానీ ఆ గొంతు అక్కది.

వినీత ఆమె భుజంలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తిట్టక్కా," అంది. "ఇంకా తిట్టు."